గ్యాప్ అన్న పదకొండేళ్లు

దిల్‌సుఖ్‌నగర్‌లో 'గ్యాప్' అనే మాటకు అర్థం వేరు. మనిషి ఏళ్ల తరబడి ఏదో ఒక పని చేసి, పిల్లల్ని పెంచి, కిరాయి కట్టి, కాళ్లవాపులు తెచ్చుకుని, సాఫ్ట్‌వేర్ నేర్చుకుందామని మా ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి వస్తే, అప్పటిదాకా బతికిన బతుకంతా కలిపి మావాళ్లు గ్యాప్ అంటారు. అంటే ఖాళీ. అక్కడ ఏమీ లేదని. ఎవడు కనిపెట్టాడో గానీ ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మావాళ్లు అంటారని తప్పించుకుంటున్నాను గానీ, ప్రవీణ అనే ఆమె ముఖాన ఆ మాట అన్నవాణ్ని నేనే.

నా పేరు పట్టాభి. మాది తెనాలి అవతల. ఇరవై ఏళ్లు ప్రైవేటు కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పాను. నేను చేరితే ఆ కాలేజీ మూతపడుతుందని జనం చెప్పుకునే స్థితికి వచ్చాక, మెట్రో స్టేషన్ ఎదుటి సందులో విజయశిఖర సాఫ్ట్ అనే ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. కింద చెప్పుల షాపు, మొదటి అంతస్తులో బ్యాంకు పరీక్షల కోచింగు, రెండో అంతస్తులో లేడీస్ హాస్టల్, మూడో దాంట్లో మేము. మెట్లెక్కేటప్పుడు కొత్త తోలు వాసన, సాంబారు వాసన కలిసి వచ్చేవి.

పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పడం, రెజ్యూమెలు రాసిపెట్టడం నా పని. ఇవి పైకి చెప్పుకోదగ్గవి. చెప్పుకోలేనిది ఇంకోటుంది. ఓనరు వెంకటేశ్వరరావుగారు నాకు రెండో ఫోన్ ఒకటి ఇచ్చారు. అది మోగితే నేను పట్టాభిని కాదు, బెంగళూరు కంపెనీ ఒకదాని హెచ్చార్ మేనేజర్ ప్రసన్నకుమార్‌ని. ఆ కంపెనీ భూమ్మీద లేదు. మా పిల్లలు అక్కడ మూడేళ్లు పనిచేసినట్టు రెజ్యూమెలో రాసేది నేనే, ఉద్యోగమిచ్చేవాళ్లు వాకబు చేస్తే 'అవునండీ, బుద్ధిమంతురాలు' అని చెప్పేదీ నేనే. ఒకసారి మిర్చిబజ్జీల బండి దగ్గర, నోట్లో బజ్జీ ఉండగా మోగింది. గొంతేమిటి అలా ఉందని అటువాళ్లు అడిగారు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, బెంగళూరులో జలుబులు ఎక్కువండీ అన్నాను.

ఇలాంటివాడి దగ్గరికి వచ్చింది ప్రవీణ.

ఆమెది మీర్‌పేట్. పుట్టిల్లు ఇబ్రహీంపట్నం వైపు పల్లె. డిగ్రీ కాగానే పెళ్లి, కొన్నాళ్లకు ఎల్బీనగర్ దగ్గర ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఓపీ కౌంటర్ ఉద్యోగం. పేరేంటి, వయసెంత, ఏ డాక్టరు అని అడిగి కంప్యూటర్లో కొట్టి చీటీ చేతిలో పెట్టాలి. ఆ కౌంటర్ కట్టినవాడెవడో గానీ, కుర్చీలో కూర్చుంటే ఎదుటివాళ్ల ముఖం కనబడదు. అందుకని పదకొండేళ్లూ నిలబడే చేసింది. తర్వాత ఆస్పత్రివాళ్లు మిషన్లు తెచ్చారు. రోగులే వేలితో నొక్కి చీటీ తీసుకోవాలి. ఆరు కౌంటర్లు రెండయ్యాయి. జూన్ దాటితే ఒక్కటే ఉంటుందని, అందులో మేనేజరుగారి మరదలుంటుందని అందరికీ తెలిసిపోయింది.

"గా మిషన్ల లోపట ఉన్నది ఎవలో ఒకలు చేసిండ్రు గద సార్. గదేందో నేనూ నేర్చుకుంట," అంటూ ఫిబ్రవరిలో వచ్చింది. ముప్పై ఆరేళ్లు. పొద్దున ఏడు గంటల బ్యాచ్. క్లాసు అవగానే పరుగున వెళ్లి డ్యూటీ ఎక్కేది.

టెస్టింగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం, చెప్పేది సింధూర. ఇరవై ఏడేళ్ల పిల్ల. వాళ్లమ్మా నాన్నా గుడివాడ నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. మొదటి వారంలోనే ఒక పని ఇచ్చింది. బస్సు టికెట్ కొనే పేజీ ఒకటి చూపించి, ఇందులో ఏమేం పరీక్షిస్తారో రాయమంది. అందరూ బుద్ధిగా రాశారు: సరైన పేరు కొడితే టికెట్ రావాలి, తప్పు నంబరు కొడితే రాకూడదు. ప్రవీణ కాగితం వేరేగా ఉంది.

'ఎన్కవాళ్లు తోస్తే పేరు సగమే కొట్టి నొక్కుతరు. గప్పుడు?'

'సదువు రానోళ్లు పక్కోన్ని కొట్టుమంటరు. వాడు వాని నంబరు కొడ్తడు. గప్పుడు?'

'మొగడు కొంటడు, అత్త ప్రయాణం చేస్తది, పేరు పెండ్లానిది ఉంటది. గప్పుడు?'

క్లాసంతా ఘొల్లుమంది. సింధూర నవ్వలేదు. ఆ కాగితం పైకెత్తి, "నవ్వకండి. టెస్టింగ్ అంటే ఈ గప్పుడే," అంది. ఆ రోజు నుంచి ప్రవీణ పేరు గప్పుడక్క.

క్లాసయ్యాక సింధూర రోజూ ఇంకో ఇరవై నిమిషాలు ఆమెకోసం కూర్చునేది. అందుకు ఓనరు జీతమేమీ ఇవ్వడు. "తప్పు పట్టడం నీకు వచ్చక్కా. నువ్వు పట్టిన తప్పు ఎదుటివాడు కాదనలేకుండా రాయడం నేర్పుతా. నువ్వేం నొక్కావు, ఏమైంది, ఏం కావాలి. ఈ మూడే." ప్రవీణ నోటుబుక్కులో ప్రతి పేజీకీ మూడు గళ్లు గీసుకుంది. మొదట్లో సింధూరను మేడం అనేది, ఏప్రిల్‌కి సిందూ అయింది. అక్కడ ఎవరైనా ఎవరికైనా ఏదైనా నేర్పారంటే అది ఆ ఇరవై నిమిషాల్లోనే.

మే నెలలో రెజ్యూమె రాయించుకోవడానికి నా బల్ల దగ్గరికి వచ్చింది. ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. ఆస్పత్రి ఇచ్చిన సర్వీసు కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చింది. నేను దాన్ని చూసి పక్కన పెట్టాను. చూశాను అనడం కూడా గొప్పే.

"ఇదంతా గ్యాప్ కిందికి పోతుందమ్మా. దీన్ని కనబడకుండా చేసి, బెంగళూరులో మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ వేస్తాను. బ్యాంకింగ్ ప్రాజెక్టు."

"ఏందీ?"

"గ్యాప్. అంటే సాఫ్ట్‌వేర్ చెయ్యని కాలం."

నేను పక్కన పెట్టిన కవరును ఆమె మళ్లీ నా ముందుకు జరిపింది.

"సార్, పదకొండేండ్లు నిలవడి పని జేసిన. పండుగ లేదు పబ్బం లేదు. కరోనాల అందరు ఇండ్లల్ల కూసుంటే నేను గా అద్దం ఎన్క నిలవడ్డ. నా బిడ్డ మొదటి అడుగు ఏసిననాడు సుత డ్యూటీల ఉన్న. గదంత గ్యాపా? గీ కాయిదం మీద మొహర్ కండ్లవడ్తలేదా మీకు?"

"నేననేది కాదమ్మా, మార్కెట్ అలా ఉంది..."

"మరి మీరు కాలేజీల ఇరవై ఏండ్లు చెప్పిండ్రు గద. గదేంది? గ్యాపేనా?"

బల్ల దగ్గర క్యూలో ఉన్న అయిదుగురూ నావైపు చూశారు. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాను.

గొడవ విని వెంకటేశ్వరరావుగారు గదిలోంచి వచ్చారు. మెత్తటి మనిషి. మెత్తగానే ముంచుతారు. "చూడమ్మా, నీ మంచికే. నిజం రాస్తే రెజ్యూమె ఎవడూ తెరవడు. కావాలంటే పంపి చూసుకో. ఆ తర్వాత నువ్వే వస్తావు."

ప్రవీణ కవరు తీసుకుని వెళ్లిపోయింది. సింధూర సాయంతో నిజం రెజ్యూమె ఒకటి తయారుచేసుకుని నలభై చోట్లకు పంపింది. నిజం చెప్పాలంటే, ఆ ఒక్క విషయంలో ఓనరు మాటే గెలిచింది. నలభైలో ఒక్కరూ బదులివ్వలేదు. వద్దని కూడా చెప్పలేదు. జూన్ రెండో వారంలో మళ్లీ నా బల్ల ముందుకు వచ్చింది. ఈసారి కవరు లేదు.

"ఏస్కోండ్రి సార్ మీ మూడేండ్లు," అంది.

వేశాను. వేసేటప్పుడు ఆ పదకొండేళ్లను మౌస్‌తో నల్లగా పట్టి, ఒక్క బటన్ నొక్కాను. ఎంత తేలిగ్గా పోయాయో. తర్వాత ఇంటర్వ్యూకు రిహార్సల్, ప్రశ్నలు నావి.

"మీ ఆఫీసు ఎక్కడ?"

"బెంగళూర్ల, మెజెస్టిక్ బస్టాండ్ పక్కకు."

"ఎందుకని అక్కడ?"

"మీరే రాసిండ్రు గద."

నేను బెంగళూరు వెళ్లింది ఒకేసారి, అందులో చూసింది బస్టాండు ఒక్కటే. అందుకని మూడేళ్లుగా నా చేతి మీదుగా బయటికి వెళ్లిన పిల్లలందరూ బస్టాండు పక్కనే బ్యాంకింగ్ ప్రాజెక్టులు చేశారు. ఈ సంగతి అప్పుడే వెలిగింది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

జులై ఒకటిన ఇంటర్వ్యూ. వీడియోలో. మా ఇన్‌స్టిట్యూట్‌లోనే ఒక చిన్న గది ఉంది. అక్కడ లాప్‌టాప్ ముందు అభ్యర్థి కూర్చుంటుంది. లాప్‌టాప్ వెనక, కెమెరాకు కనబడకుండా, నేను స్టూలు మీద కూర్చుని చిన్న బోర్డు పట్టుకుంటాను. అవతలివాళ్ల ప్రశ్న వినగానే దాని మీద జవాబు రాసి పైకెత్తాలి. యాభై మూడేళ్ల మనిషిని, షుగరు ఉంది, ఆ స్టూలు మీద రెండు గంటలు దగ్గకుండా కూర్చోవడం నా వృత్తి.

అవతల కూర్చున్నావిడ పేరు బిందుమాధవి. క్లినిక్కులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో టెస్టింగ్ టీమ్ ఆవిడది. కాసేపు ఇంగ్లీషులో అడిగింది. ప్రవీణ బట్టీ పట్టిన బ్యాంకింగ్ ప్రాజెక్టు అప్పజెప్పింది. ఆవిడ వింటున్న తీరు చూస్తే ఆ వారంలో అలాంటివి పది విన్నట్టుంది. తర్వాత తెర మీద ఒక పేజీ చూపించింది. కొత్త రోగి పేరు నమోదు చేసే పేజీ. పేరు, పుట్టిన తేదీ, మొబైల్ నంబరు. "ఇందులో ఏం పరీక్షిస్తారు? తెలుగులో చెప్పినా ఫరవాలేదు."

నేను చకచకా 'అన్ని గళ్లూ నింపకపోతే ముందుకు పోకూడదు' అని రాసి ఎత్తాను. ప్రవీణ నావైపు చూడనే లేదు. తెర దగ్గరికి వంగింది.

"మేడం, పుట్టిన తారీకు తప్పకుంట కొట్టాల్నా?"

"అవును."

"తెల్వదంటే?"

"తెలియకపోవడం ఏమిటి?"

"మస్తు మందికి తెల్వది మేడం. మా తాన ముసలోళ్లను అడిగితే, బతుకమ్మ ముందట పుట్టిన అంటరు, పెద్ద వాన పడ్డ యేడు అంటరు. గప్పుడు కౌంటర్ల ఉన్నోళ్లు ఏం జేస్తరు? జనవరి ఒకటి కొడ్తరు. ఆధార్ల సుత చానమందికి గదే ఉంటది. సగం మీర్‌పేట్ జనవరి ఒకటినాడే పుట్టింది."

ఆవిడ నవ్వింది. "సరే. అయితే ఏం?"

"మీ సాఫ్ట్‌వేర్ల పేరు, తారీకు, నంబరు మూడు కలిస్తే ఒక్కటే మనిషి అనుకుంటది గద?"

"అవును. అందుకే మొబైల్ నంబరు పెట్టాం."

"మా తాన సిద్దిరాములని ఆటో ఆయన ఉన్నడు. బస్తీల ముసలోళ్లను ఆయనే తోల్కొస్తడు. వాళ్లకు ఫోన్లుండయి, అందరికి ఆయన నంబరే రాపిస్తడు. కంప్యూటర్ లెక్కల సిద్దిరాములుకు పద్నాలుగు మంది అమ్మలు. అండ్ల ఇద్దరు సాయమ్మలు. ఇద్దరికి అరవై మీద ఉంటయి, ఇద్దరికి జనవరి ఒకటే. కంప్యూటర్ ఇద్దర్ని కలిపి ఒక్క సాయమ్మను చేసింది. ఒకామెకు ఒక సూది మందు పడది. ఇంకొకామె చీటీ ఆమె చేతికొచ్చింది. అండ్ల గదే సూది మందు ఉన్నది. నేను ముకం చూసి పట్టుకున్న. మొన్న మా జాగల పెట్టిన మిషనుకు ముకాలు కండ్లవడయి. గప్పుడు?"

తెర మీద బిందుమాధవి ఏదో రాసుకుంటోంది. తలెత్తింది.

"ఇది మా టీమ్‌లో ఎవరూ అడగలేదు. కానీ మీది బ్యాంకింగ్ ప్రాజెక్టు కదా. ఇదంతా మీకెలా తెలుసు?"

నా చెయ్యి దానంతటదే కదిలింది. 'బ్యాంకుకూ ముసలివాళ్లు వస్తారు' అని రాసి ఎత్తాను. జీవితంలో ఇంత నీచమైన వాక్యం నేను రాయలేదు.

ప్రవీణ ఆ బోర్డు చూసింది.

"సార్, జర గా పలక దించుండ్రి."

"ఎవరున్నారక్కడ?" అంది బిందుమాధవి.

ప్రవీణ లాప్‌టాప్ తిప్పింది. స్టూలు మీద, బోర్డుతో, నేను. చెయ్యడానికి ఇంకేముంది? "నమస్కారమండీ," అన్నాను. బోర్డు ఇంకా ఛాతీ మీదే ఉంది.

లాప్‌టాప్ మళ్లీ తనవైపు తిప్పుకుని ప్రవీణ నిటారుగా కూర్చుంది. "మేడం, గా మూడేండ్లు అబద్ధం. బెంగళూరు నేను సూడనే లేదు. ఎల్బీనగర్ల ఓపీ కౌంటర్ల పదకొండేండ్లు చేసిన. నిన్నటితోని ఐపోయింది. గిదే నిజం."

బిందుమాధవికి కోపం వచ్చింది. గొంతు పెంచలేదు గానీ తెలుస్తూనే ఉంది. "నాకు కావలసింది ఆ పదకొండేళ్లేనండీ. అది కొట్టేసి, నాకక్కర్లేని మూడేళ్లు పంపారు. తప్పుడు రెజ్యూమె అని తెలిశాక నేను మిమ్మల్ని ముందుకు పంపలేను, మా దగ్గర ఏడాదిపాటు పేరు ఆపేస్తారు. మీ అంతట మీరే చెప్పారు గనక ఆరు నెలలని రాస్తాను. ఆ తర్వాత నిజం రెజ్యూమె పంపండి. నాకే పంపండి."

"ఆరు నెల్లంటే ఏ తారీకు మేడం?"

ఆవిడ లెక్క చూసుకుంది. ఆగి, చిన్నగా నవ్వింది. "జనవరి ఒకటి."

తెర ఆరిపోయింది. సారీ చెబుదామని నోరు తెరిచాను.

"మీరు మాట్లాడకుండ్రి సార్. నేను ఒప్పుకున్న, నా తప్పున్నది. గని ఇరవై ఏండ్లు పిల్లలకు సదువు చెప్పినోళ్లు మీరు. మీరెట్ల రాసిండ్రు?"

ఆ మధ్యాహ్నం రెండో ఫోన్ తీసుకెళ్లి ఓనరు బల్ల మీద పెట్టాను. ప్రసన్నకుమార్ ఉద్యోగం మానేశాడని చెప్పాను. ఆయనకు కోపం రాలేదు, అదే నాకు కోపం తెప్పించింది. "అలాగే మాస్టారూ, మీరు ఇంగ్లీషు చెప్పుకోండి. ఆ అమ్మాయి నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ఉద్యోగంలో ఉండేది," అన్నారు. తలుపు దగ్గర తిరిగి, ఇంటర్వ్యూ చేసినావిడకు కావలసింది మనం చెరిపేసిందేనండీ అన్నాను. వినబడనట్టు ఫోన్ చూసుకున్నారు. ఇప్పుడు ప్రసన్నకుమార్ ఎవరో నాకు తెలియదు. గొంతు మాత్రం మారిందట.

ఆ ఆరు నెలలు ప్రవీణ చంపాపేట్‌లో ఒక రక్తపరీక్షల సెంటర్లో పేర్లు రాసుకునే పనికి చేరింది. ఆదివారం ఆదివారం సింధూర వాళ్లింటికి వెళ్లి నేర్చుకునేది. ఆ సెంటర్లో వాడే సాఫ్ట్‌వేర్లోనే తప్పులు పట్టి మూడు గళ్లలో రాసుకుంది. రెండు నోటుబుక్కులు నిండాయి. దసరా వెళ్లాక నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. మొదటిమాటే, "సార్, జర నా ఇంగ్లీషు సూడుండ్రి. దిద్దుండ్రి. మార్చకుండ్రి."

జనవరి ఒకటిన పొద్దున్నే రెజ్యూమె పంపింది. మొదటి వరుస: పదకొండు సంవత్సరాలు, రోగుల నమోదు కౌంటర్. నెల తిరిగేసరికి మెట్రో ఎక్కి బిందుమాధవి వాళ్ల ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టింది. మొదటి జీతం ఎంతని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కూర్చోవడానికి కుర్చీ ఇచ్చారని మాత్రం చెప్పింది.

ప్రవీణకు అసలు కోపం ఆ తర్వాత వచ్చింది.

మార్చిలో ఒక శనివారం, కొత్త బ్యాచ్‌తో నాలుగు మాటలు చెప్పమని సింధూర పిలిస్తే వచ్చింది. నేను కిందికి దిగి ఎదురెళ్లాను. చెప్పుల షాపు పక్కన, మెట్ల మొదట్లో, నిలువెత్తు కొత్త ఫ్లెక్సీ. దాని మీద ప్రవీణ ఫొటో, చేరినరోజు ఫారానికి అంటించినది. పైన ఎర్ర అక్షరాలు: 'నిన్న గృహిణి, నేడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్! కేవలం నాలుగు నెలల్లో!' నేను రోజూ వెనక సందులోంచి వస్తాను, అంతవరకూ చూడలేదు. ఆ మాట ఎవరు నమ్ముతారు?

ప్రవీణ ఒక్కో అక్షరం చదివింది.

"గృహిణా? ఎవలు సార్, నేనా?"

"నేను రాయలేదమ్మా. ఒట్టు."

"నాలుగు నెలలా? మరి గా పదకొండేండ్లు మల్ల తీసేసిండ్రా?" ఆమె గొంతుకి చెప్పుల షాపులో బేరమాడుతున్నవాళ్లు ఇటు తిరిగారు. "ఒక్కసారి తీసేస్తే నష్టమైంది, గమ్మునున్న. ఇప్పుడు నా ఫొటో పెట్టి మల్ల తీసేస్తరా? సార్, మీ జేబుల పెన్నియ్యుండ్రి."

నా జేబులో ఎప్పుడూ బోర్డు మార్కరు ఉంటుంది. ఇచ్చాను. షాపువాడి స్టూలు తెచ్చి వేశాను. ఆమె ఎక్కింది, నేను స్టూలు కాళ్లు పట్టుకున్నాను. కోచింగుకు వెళ్లే పిల్లలు ఆగి చూస్తున్నారు. ఒకడు ఫోను కూడా తీశాడు. 'గృహిణి' మీద అడ్డంగా గీత కొట్టి, కింద 'ఓపీ కౌంటర్, పదకొండేండ్లు' అని రాసింది. దిగబోతూ కొంగు తగిలి 'పదకొండేండ్లు' కాస్తా చెరిగిపోయింది.

పైనుంచి నావైపు చూసింది. "గిది చెరిగిపోతది సార్. చెరగనిది తేండ్రి."

మూడంతస్తులు ఎక్కాను. మోకాళ్లు పట్టేశాయి. చెరగని మార్కర్లు ఓనరు గదిలోనే ఉంటాయి. ఆయన ఎవరితోనో ఫోనులో ఉన్నారు. బల్ల మీది డబ్బాలోంచి నల్లది ఒకటి తీసుకున్నాను.

"ఎందుకు మాస్టారూ అది?"

"కింద ఒక తప్పుందండీ. దిద్దాలి."

"కానివ్వండి," అని మళ్లీ ఫోనులో పడ్డారు. రెండోది కూడా తీసి జేబులో వేసుకున్నాను. ఫ్లెక్సీ పెద్దదే మరి.